పెళ్ళితో కథ కంచికి పోదు

"ఏదైనా రాయండి, కాని ఆలోచింపజేసేదిగా వుండాలి" అని షరతు పెట్టి మన యూనియన్ సంపాదకవర్గం వారు ఈ పేజీలు నాకు కేటాయించారు. రాజకీయాల మీద రాసేవాళ్ళకు మన క్యాంపస్‌లో కొదవలేదు. నిరుద్యోగం మీద ప్రతి సంచికలోనూ రెండు వ్యాసాలు, నాలుగు గేయాలు వుంటూనే వున్నాయి. అంచేత నేను నాకు బాగా తెలిసిన సంగతి, అంటే ఒక ప్రేమకథ మీద రాస్తున్నాను. అందులో కథానాయకుడు ఆకాశంలో ఎగురుతాడు. నవ్వేవాళ్ళు ఇక్కడే నవ్వేసి తర్వాత పేరాకు రావచ్చు.

ఆ కథ పేరు "లోయిస్ అండ్ క్లార్క్". అమెరికాలో ఏ.బి.సి. టెలివిజన్ సంస్థ 1993 సెప్టెంబరు 12న మొదలుపెట్టి 1997 జూన్ 14 దాకా నాలుగు సీజన్లుగా ప్రసారం చేసిన సీరియల్. దాన్ని తీర్చిదిద్దింది డెబొరా జాయ్ లెవైన్ అనే రచయిత్రి. టెరీ హాచర్ లోయిస్ లేన్‌గా, డీన్ కెయిన్ క్లార్క్ కెంట్‌గా నటించారు. పేరు చూడండి, ముందు లోయిస్, తర్వాత క్లార్క్. సూపర్ మాన్ అన్న మాట ఆ కింద ఉపశీర్షికలో ఎక్కడో వుంటుంది. ప్రపంచమంతా ఎరిగిన వీరుడి పేరును వెనక్కి నెట్టి, వార్తాపత్రికలో పనిచేసే ఒక అమ్మాయి పేరు ముందు పెట్టడానికి ఎంత తెగువ కావాలి! మన సినిమా పోస్టర్ల మీద కథానాయిక పేరు ఏ మూలన, ఏ సైజు అక్షరాల్లో వుంటుందో తెలిసినవాళ్ళకి ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు.

మా పిన్ని అమెరికా నుంచి వస్తూ తెచ్చిన డిస్కుల పెట్టె పుణ్యమా అని ఆ సీరియల్ నా కంటబడింది. 80కి పైగా భాగాలు. వేసవి సెలవుల్లో ఒకసారి, సంక్రాంతి సెలవుల్లో మరోసారి, పరీక్షల ముందు (చదువుకోవలసిన రాత్రులలో) ఇంకోసారి చూశాను. చూసి వూరుకోలేదు. ఆ పాత్రలతో నేను కథలు రాస్తున్నాను. తెలుగులో, పొడుగు నోటు పుస్తకాల్లో, ఇప్పటికి అయిదు పుస్తకాలు నిండాయి. ఇలాంటి రాతను ఇంగ్లీషువాళ్ళు ఫ్యాన్ ఫిక్షన్ అంటారు. నేను అభిమాన కథ అంటాను. "ఇదొక రాతేనా? పరాయి సొమ్ము!" అన్నారు మా పెద్దలొకరు. ఈ వ్యాసం ఆయనకు జవాబు అనుకున్నా ఫరవాలేదు.

ముందు కథ సంగతి. సూపర్ మాన్ కథ మనందరికీ తెలిసిందే. నాశనమైపోతున్న క్రిప్టాన్ గ్రహం నుంచి తల్లిదండ్రులు తప్పించి పంపిన పసిబిడ్డ కాన్సస్ రాష్ట్రంలో ఒక రైతు దంపతుల చేతుల్లో పడతాడు. పెద్దవాడై మెట్రోపొలిస్ నగరంలో "డెయిలీ ప్లానెట్" పత్రికలో విలేకరిగా చేరతాడు. కళ్ళజోడు పెట్టుకుంటే క్లార్క్, తీసేస్తే సూపర్ మాన్. దీన్ని ఎన్నాళ్ళో సినిమాల్లోనూ బొమ్మల పుస్తకాల్లోనూ ఎలా చెప్పేవారంటే, సూపర్ మాన్ అసలు మనిషి, క్లార్క్ ఒక వేషం; తడబడుతూ, తుమ్ముతూ, నలుగురూ నవ్వేట్టు తిరిగే వెర్రిబాగులవాడు. 1986లో జాన్ బర్న్ అనే చిత్రకారుడు ఆ బొమ్మల కథను కొత్తగా రాసినప్పుడు దీన్ని తిరగేశాడు. క్లార్క్ అసలు మనిషి, ఎగరడం అతను చేసే పని మాత్రమే అన్నాడు. పెంచిన తల్లిదండ్రులను కూడా బతికించాడు. మన సీరియల్ ఈ దారినే పట్టుకుంది. దాంతో కథ మొత్తం మారిపోయింది.

ఎలా మారిందంటారా? ఇప్పుడు ఈ క్లార్క్ వెర్రిబాగులవాడు కాడు. చక్కగా మాట్లాడతాడు, వంట చేస్తాడు, కష్టం వస్తే వూళ్ళో వున్న అమ్మతో మాట్లాడతాడు. ఆ ఎర్ర అంగవస్త్రం, నీలం దుస్తులు కుట్టింది కూడా ఆ అమ్మే. ఒక్కొక్క వేషం తొడిగి చూసి, బాగాలేదని విప్పించి, మళ్ళీ కుట్టి... ఆ దృశ్యం చూస్తుంటే లోకాన్ని రక్షించే వీరుడికంటే స్కూలు వార్షికోత్సవానికి కొడుకును తయారుచేసే తల్లే కనిపిస్తుంది. ఇలాంటి మనిషి పక్క కుర్చీలో కూర్చుని తనను ప్రేమిస్తుంటే లోయిస్ మాత్రం ఆకాశంలో ఎగిరేవాడి కోసం కలలు కంటుంది. క్లార్క్ తన మీద తానే అసూయపడాలి! ఇద్దరు మనుషులతోనే ముక్కోణపు ప్రేమకథ నడపడం ఎంత కష్టమో, ఎంత సరదాయో నోటు పుస్తకం ముందు కూర్చుంటేగాని తెలియదు.

మొదటి సీజన్ చివర 1994 మే నెలలో వచ్చిన భాగం ఒకటుంది. కోటీశ్వరుడు లెక్స్ లూథర్ లోయిస్‌ను పెళ్ళి చేసుకుంటానంటాడు. క్లార్క్ ధైర్యం చేసి తన ప్రేమ చెబుతాడు. నిన్ను స్నేహితుడిగానే చూశాను అంటుంది లోయిస్. అదే రాత్రి సూపర్ మాన్‌ను పిలిచి, నీకు ఏ శక్తీ లేకపోయినా, మామూలు మనిషివైనా నిన్ను ఇలాగే ప్రేమిస్తానని చెబుతుంది. పొద్దున మామూలు మనిషిగా వచ్చి ఆమెను అడిగినవాడే ఇప్పుడు ఎదుట నిలబడి ఆ మాట వింటున్నాడు! నమ్మాలనే వుంది కాని నమ్మలేను అన్న ధోరణిలో అతను జవాబిచ్చి వెళ్ళిపోతాడు. ఆమెకు అతని కోపం అర్థం కాదు. అతనికి తన కోపం న్యాయమేనా అన్న అనుమానం. ఇద్దరిలో ఎవరిది తప్పంటే చూసేవాళ్ళం చెప్పలేం. మా హాస్టల్‌లో ఆ భాగం చూసిన రాత్రి భోజనాల దగ్గర రెండు పార్టీలు ఏర్పడ్డాయి. యూనియన్ ఎన్నికల్లో కూడా అంత వేడి లేదు.

నేను లోయిస్ పార్టీ. ఎందుకో చెబుతాను.

మా గది సహవాసి ఒకామె (ఎం.ఎస్సీ. ఫిజిక్సు, కాబట్టి ఎగిరేవాళ్ళ మీద ఆమెకు మొదట్నుంచీ గౌరవం లేదు) ఒక ప్రశ్న వేసింది. "రెండేళ్ళు పక్క కుర్చీలో కూర్చుని అబద్ధం చెప్పినవాడు ప్రేమికుడెలా అవుతాడే?" చిన్న ప్రశ్న కాదిది. ఆ సీరియల్‌లోనే 1995లో వచ్చిన ఒక భాగంలో భవిష్యత్తు నుంచి టెంపస్ అనే దుర్మార్గుడొకడు వస్తాడు. ఒక కళ్ళజోడు పెట్టుకున్నంత మాత్రాన గుర్తుపట్టలేకపోయావా, నీ అంత తెలివితక్కువది లేదు అని లోయిస్‌ను ఎగతాళి చేస్తాడు. అందరం నవ్వాం. తర్వాత నాకు చిరాకేసింది. దాచినవాడిని అడగరు, కనిపెట్టలేకపోయినదాన్ని నవ్వుతారు. మోసపోయినవాళ్ళనే నవ్వడం ఆ వూరికీ మన వూరికీ ఒకటే కాబోలు.

కాని ఆ రచయితలు కథను అక్కడ వదిలెయ్యలేదు. 1995 మేలో రెండో సీజన్ ముగింపులో క్లార్క్ వానలో నిలబడి తనను పెళ్ళాడమని అడుగుతాడు. అక్కడ ఆపేసి ప్రేక్షకులను వేసవి అంతా కూర్చోబెట్టారు. సెప్టెంబరులో మూడో సీజన్ మొదలయ్యేసరికి లోయిస్ చెయ్యి చాచి అతని కళ్ళజోడు తీసి, అడుగుతున్నది క్లార్కా, సూపర్ మానా అంటుంది. ఎవరూ చెప్పలేదు, తనంతట తానే కనిపెట్టింది! చెప్పాలనుకుంటూనే చెప్పకుండా వుండిపోయినవాడి నోట మాట లేదు. వెంటనే ఒప్పేసుకుని వాటేసుకుంటుందనుకుంటే పొరపాటు. ఆమెకు కోపం వస్తుంది, బాధ వస్తుంది, పెళ్ళికి ఒప్పుకోదు. నాతో ఇన్నాళ్ళు ఎవరున్నారు అన్నది ఆమె ప్రశ్న. ఆ ప్రశ్నను నేను మూడు కథలుగా రాశాను.

ఇక్కడే తెలుగులో రాయడం వల్ల నాకు దొరికిన అదృష్టం ఒకటి చెప్పాలి. ఇంగ్లీషులో ఎదుటివాణ్ణి పిలవడానికి ఒకటే మాట. చప్రాసీకీ అదే, దేశాధ్యక్షుడికీ అదే. తెలుగులో మొదటి వాక్యం రాయబోతేనే తల పట్టుకోవాలి. లోయిస్ క్లార్క్‌ను నువ్వు అంటుందా, మీరు అంటుందా? అతను కొత్తగా చేరినవాడు, ఆమె పేరున్న విలేకరి. అంచేత మొదటి రోజునుంచీ నువ్వే. మరి అతను? పల్లెటూరి పెంపకం, పైగా మర్యాదస్తుడు. కొన్నాళ్ళు మీరు అంటాడు, తర్వాత ఎప్పుడో నువ్వులోకి దిగుతాడు. ఎప్పుడు దిగాడన్నది నాకు ఒక అధ్యాయం పట్టింది. సూపర్ మాన్‌తో ఆమె మాత్రం మీరు అనే అంటుంది. అంతేకదా, ఆకాశం నుంచి దిగివచ్చి ప్రాణాలు కాపాడినవాణ్ణి నువ్వు అని ఎలా అంటాం? చూశారా, ఒకే మనిషిని పగలు నువ్వు, రాత్రి మీరు! ఇంగ్లీషు సీరియల్‌లో నాలుగేళ్ళు శ్రమపడి చెప్పిన సంగతి మన భాషలో రెండు సర్వనామాల్లో వుంది. కళ్ళజోడు తీసిన రాత్రి ఆమె ఏమంటుంది? నా కథలో ఆమె కోపంతో క్లార్క్‌ను మొదటిసారి "మీరు" అంది. రెండు వారాలు అలాగే అంది. అతను ఆ మాటకు విలవిల్లాడిపోయాడు. బుల్లెట్లు తగిలినా చలించనివాడు. తర్వాత ఒక అగ్నిప్రమాదం దగ్గర, నలుగురి ముందూ, నీలం దుస్తుల్లో వున్నవాణ్ణి ఆమె నోరుజారి "నువ్వు జాగ్రత్త" అంటుంది. వాళ్ళు రాజీపడినట్టు నేను విడిగా రాయలేదు. మా ఫిజిక్సు అమ్మాయి కూడా ఆ పేజీ రెండుసార్లు చదివిందని నాకు తెలుసు.

ఇంకో చిక్కు చెప్పి ముందుకు పోతాను. ఆ పత్రిక ఎడిటర్ పెర్రీ వైట్‌కు ఎల్విస్ ప్రెస్లీ అంటే ప్రాణం. ఆశ్చర్యం వేసినా, కోపం వచ్చినా ఎల్విస్ పేరు మీదే కేకలేస్తాడు. ఘంటసాల గారి మీద ఒట్టు వేయించమని ఒక మిత్రురాలి సలహా. నేను ఒప్పుకోలేదు. మెట్రోపొలిస్‌ను పట్టుకొచ్చి బెజవాడలో దింపితే అది నేను ప్రేమించిన కథ కాదు. ఎల్విస్ ఎల్విస్‌గానే వున్నాడు. మన వేషం వేసిన సూపర్ మాన్ కావాలంటే ఎన్.టి. రామారావు గారు 1980లోనే తెలుగు తెరమీద ఎగిరారు, అది వేరే సరదా.

ఇక పెళ్ళి సంగతికి వద్దాం. ఈ పెళ్ళికి వచ్చినన్ని అడ్డంకులు మన జానపద సినిమాల్లో రాకుమారులకు కూడా వచ్చివుండవు. దానికి వెనక ఒక విచిత్రమైన కారణం వుంది. బొమ్మల పుస్తకాల్లో లోయిస్, క్లార్క్‌ల పెళ్ళి నిశ్చయం 1990లోనే అయిపోయింది. పెళ్ళి జరిపించబోతుండగా టి.వి. సీరియల్ వస్తున్నదని తెలిసింది. రెండు చోట్లా పెళ్ళి ఒకేసారి జరగాలి కాబట్టి పుస్తకాలవాళ్ళు వాయిదా వెయ్యవలసి వచ్చింది. ఆ ఖాళీలో ఏం రాయాలో తోచక 1992లో ఏకంగా సూపర్ మాన్‌ను చంపేశారు! ఆ మరణం అమెరికాలో పత్రికల మొదటి పేజీల్లోకి ఎక్కింది. ఆ సంచిక కోసం జనం దుకాణాల ముందు క్యూలు కట్టారు. (తర్వాత బతికించారనుకోండి.) పెళ్ళి ముహూర్తం కుదరక పెళ్ళికొడుకు చచ్చిపోయిన కథ నాకు తెలిసి ఇదొక్కటే.

సీరియల్‌లో 1996 ఫిబ్రవరిలో పెళ్ళి అని ఆర్భాటంగా ప్రకటించారు. జనం ఎగబడి చూశారు. పీటలమీద కూర్చున్నది... వాళ్ళకు పీటలుండవు గాని... అక్కడ నిలబడింది లోయిస్ కాదు, ఆమెను పోలిన నకలు మనిషి! కప్పలు తినే నకలు! ఆ తర్వాత అసలు లోయిస్‌కు మతిమరుపు, మరో గ్రహం నుంచి క్లార్క్ కోసం చిన్ననాటి పెళ్ళికూతురు... అభిమానులు మండిపడ్డారంటే మండిపడరా? మూడేళ్ళు నమ్మకంగా చూసిన మనిషికి నకలు పెళ్ళికూతుర్ని చూపించడం నా దృష్టిలో ద్రోహమే. డెబొరా లెవైన్ మొదటి సీజన్ తర్వాత వెళ్ళిపోవడం, తర్వాతి వాళ్ళు మాటల పదును తగ్గించి వింత విలన్లను పెంచడం కూడా ఇందుకు కారణమని నా అభిప్రాయం. చివరకు 1996 అక్టోబరు 6న నిజమైన పెళ్ళి అయింది. ఆ వారమే బొమ్మల పుస్తకంలోనూ అయింది. 1938లో మొదలైన జంటకు 58 ఏళ్ళకు మూడు ముళ్ళు పడ్డాయన్నమాట.

ఆ నాలుగో సీజన్‌లోనే ప్రేక్షకులు తగ్గారు. ఆదివారం నుంచి శనివారానికి మార్చారు, ఇంకా తగ్గారు. సీరియల్ ఆగిపోయింది. దానికి పండితులు చెప్పే కారణం: పెళ్ళయిపోతే ప్రేమకథలో రుచి పోతుంది. ఇదే ఏ.బి.సి.లో 1985 నుంచి 1989 దాకా వచ్చిన "మూన్‌లైటింగ్" సీరియల్‌ను సాక్ష్యం చూపిస్తారు. నాయికానాయకులు ఒకటవగానే అదీ దెబ్బతిన్నదని.

ఈ సిద్ధాంతాన్ని నేను ఎంతమాత్రం అంగీకరించను. అంగీకరించకపోవడానికి నా అభిమానం ఒక్కటే కారణం కాదు. పెళ్ళితో కథ అయిపోతుందన్నది మనకు వట్టి సినిమా మాట కాదు. ఈ ఏడాది మా హాస్టల్‌లో ముగ్గురికి సంబంధాలు కుదిరాయి. ముగ్గురిలో ఇద్దరు పరీక్షలు రాస్తారో లేదో తెలియదు. ఒకామె నాకంటే బాగా చదువుతుంది, పిహెచ్.డి. చెయ్యాలని వుండేది. "ఇంకేముందే, అయిపోయిందిగా" అంది మొన్న, పెట్టె సర్దుకుంటూ. పెద్దగా ఏడవలేదు కూడా. తెరమీద దండలు మార్చుకోగానే "శుభం" అని వేసే అలవాటు మన ఇళ్ళలోకి ఎంత లోతుగా దిగిందో ఆ మాట విన్నాక నాకు తెలిసింది. ఆ అమ్మాయికి పెళ్ళిచూపుల్లో కనిపించినవాడు సూపర్ మానే. ఇస్త్రీ నలగని చొక్కా, కొలిచిన మాటలు. కళ్ళజోడు పెట్టుకుని అలిసిపోయి ఇంటికొచ్చేవాణ్ణి ఆమె ఇంకా చూడలేదు. అతను కూడా ఈమెను చూడలేదు. అంటే వాళ్ళ కథ మొదలే కాలేదు. అయిపోయిందని ఎవరు చెప్పారు?

నాలుగో సీజన్ బాగాలేదంటే బాగాలేదు, నేనూ ఒప్పుకుంటాను. కాని బాగాలేనిది పెళ్ళివల్ల కాదు. పెళ్ళయినవాళ్ళకు ఏం కథలు రాయాలో వాళ్ళకు తోచకపోవడం వల్ల. ఎంత సామగ్రి వుంది! ఇంటి పనిలో చెయ్యి వేస్తానని మాటిచ్చినవాడికి ఎక్కడో వరద వచ్చిందని వినిపిస్తుంది. లోకమంతా పిలిచేవాణ్ణి ఇంట్లో ఎలా అడగాలి ఆ భార్య, "ఇవాళ వెళ్ళకు" అని? అడగడం పాపమా? అడగకపోవడం త్యాగమా, చేతకానితనమా? ఇద్దరిదీ ఒకే ఉద్యోగం. సూపర్ మాన్ గురించిన అతిపెద్ద వార్త తన ఇంట్లోనే వుంది, విలేకరి అయివుండీ రాయడానికి లేదు. లోయిస్ పెళ్ళయ్యాక ఉద్యోగం మానలేదు, గొంతు తగ్గించలేదు. ఆ ఒక్క సంగతికి ఆ సీజన్‌ను క్షమించవచ్చు. నా మాట నమ్మనివాళ్ళకు మరో సాక్ష్యం: 2021 నుంచి 2024 వరకు "సూపర్ మాన్ అండ్ లోయిస్" అనే ఇంకొక సీరియల్ వచ్చింది. అందులో మొదటి రోజునుంచే వాళ్ళు ఎదిగిన ఇద్దరు కవల కొడుకుల తల్లిదండ్రులు. నాలుగు సీజన్లు నడిచింది.

పాత సీరియల్ చివరి భాగం ఎలా ముగిసిందో తెలుసా? వాళ్ళిద్దరికీ పిల్లలు పుట్టే అవకాశం లేదని శాస్త్రవేత్త చెప్పాడు. దత్తత ప్రయత్నం కూడా ఫలించలేదు. ఆఖరి నిమిషంలో ఇంట్లో ఒక ఉయ్యాలబుట్ట, అందులో సూపర్ మాన్ గుర్తు వున్న గుడ్డ చుట్టిన పసిబిడ్డ. ఎవరి బిడ్డ? ఎవరు పెట్టారు? తర్వాతి సీజన్‌లో చెబుదామనుకున్నారు. తర్వాతి సీజన్ రాలేదు. ఇక ఎప్పటికీ రాదు. ఆ బిడ్డను అలా గుమ్మం లోపల వదిలేసి ఎలా వుండగలం? అమెరికాలో ఎందరో అభిమానులు ఆ ఆగిపోయిన సీజన్‌ను తామే రాసుకున్నారు. నేనూ రాస్తున్నాను.

"పరాయి సొమ్ము" అన్నవారికి ఇప్పుడు జవాబు.

సూపర్ మాన్ ఎక్కడ పుట్టాడు? క్రిప్టాన్‌లో కాదు, క్లీవ్‌లాండ్ నగరంలో ఒక హైస్కూలు విద్యార్థి నడిపిన చిన్న పత్రికలో. జెర్రీ సీగెల్‌కు అప్పటికి 18 ఏళ్ళు. సైన్సు కథలంటే పిచ్చి. తనలాంటి అభిమానుల కోసం సైక్లోస్టయిల్ వంటి యంత్రం మీద ప్రతులు తీసి పంచే పత్రిక పెట్టి, 1933 జనవరిలో అందులో సూపర్ మాన్ పేరుతో మొదటి కథ రాశాడు. బొమ్మలు గీసింది అతని సహాధ్యాయి జో షుస్టర్. (ఆ మొదటి సూపర్ మాన్ బట్టతల దుర్మార్గుడు! పాత్రలు కూడా మనుషుల్లాగే మెల్లగా బాగుపడతాయి.) మన ఈ సంచిక లాంటి దాంట్లోంచే ఆ వీరుడు లేచాడని మన యూనియన్ మిత్రులు గర్వపడవచ్చు. మరి సొమ్ము మాట అంటారా? 1938లో ఆ ఇద్దరు కుర్రాళ్ళు హక్కులన్నీ 130 డాలర్లకు రాసిచ్చేశారు. లోకం ఆ వీరుడి మీద కోట్లు గడించింది. సృష్టించినవాళ్ళు పేదరికంలో ముసలివాళ్ళయ్యారు. 1975లో గొడవ చేస్తేగాని ఏడాదికి తలా 20,000 డాలర్ల భృతి, కథ మీద వాళ్ళ పేరు దక్కలేదు. పరాయి సొమ్ము ఎవరు తిన్నారో ఈ లెక్కలో తేలిపోవటంలేదా? నా కథ మొదట్లో ఈ పాత్రలు నావి కావని రాస్తాను. అభిమాన కథలు రాసేవాళ్ళలో చాలామంది పాటించే ఆచారమది. పైసా పుచ్చుకోను. నోటు పుస్తకాల ఖర్చు నాదే.

అభిమానంతో కథ పొడిగించడం నిన్నటి పిచ్చి కూడా కాదు. "స్టార్ ట్రెక్" సీరియల్ మీద అభిమానులు 1967లోనే సొంత పత్రిక తెచ్చారు. అంతదాకా ఎందుకు, వ్యాసభారతంలో శశిరేఖ ఎక్కడుంది? వెతకండి, దొరకదు. అభిమన్యుడి మీద ప్రేమతో మనవాళ్ళు కల్పించుకున్న పిల్ల ఆమె. 1957లో "మాయాబజార్" వచ్చాక ఆమె లేని భారతం మనకు చప్పగా వుంటుంది. మా అమ్మమ్మ పాడే "ఊర్మిళాదేవి నిద్ర" పాట వుంది. పద్నాలుగేళ్ళ తర్వాత తిరిగొచ్చిన లక్ష్మణుణ్ణి ఊర్మిళ నిద్రమత్తులో గుర్తుపట్టదు, పరాయి మగవాడనుకుని మందలిస్తుంది. వాల్మీకి రాయని ఆ ఘట్టాన్ని ఇళ్ళలో వున్న ఆడవాళ్ళు పాటగా అల్లుకున్నారు. అందరూ వనవాసానికి వెళ్ళినవాళ్ళ గురించి అడుగుతుంటే వాళ్ళు ఇంట్లో మిగిలిపోయినదాన్ని గురించి అడిగారు. ఓల్గా గారు "విముక్త" కథల్లో సీత చేత ఊర్మిళను, శూర్పణఖను కలిపిస్తే 2015లో సాహిత్య అకాడమీ బహుమతి ఇచ్చారు. నన్ను వాళ్ళ పక్కన నిలబెట్టుకోవటంలేదు, అంత సాహసం లేదు. గుర్తుపట్టని భార్య కథ మనకు కొత్త కాదని మాత్రం అంటున్నాను. మా అమ్మమ్మకు లోయిస్ కళ్ళజోడు తీసిన సంగతి చెబితే, "మరి అంతకుముందు గొంతు కూడా పోల్చుకోలేదటే?" అంది. మా ఫిజిక్సు అమ్మాయి అడిగిన ప్రశ్నే.

"ఇంత శ్రమ సొంత పాత్రల మీద పెట్టరాదా?" అంటారు మరికొందరు సదుద్దేశంతోనే. పెడతానేమో. కాని సొంత కథలో నాకు అడ్డు చెప్పేవాడుండడు. ఇక్కడ నేను ఏం రాసినా "లోయిస్ అలా అనదు" అని ఖండించడానికి హాస్టల్‌లో ఏడుగురు కూర్చుని వున్నారు. ఒకసారి లోయిస్ చేత క్లార్క్ అమ్మ ముందు ఏడిపించాను. ఏడుగురూ ఒప్పుకోలేదు. ఆమె ఏడిస్తే బాత్రూములో తలుపు వేసుకుని ఏడుస్తుందిగాని అత్తగారి ముందు కాదన్నారు. మూడు రోజులు వాదించి పేజీ చింపేశాను. వాళ్ళు చెప్పింది నిజం కనుక చింపాను. ఏ క్లాసులోనూ నా వాక్యాలకు ఇంత పరీక్ష జరగలేదు. సెమినార్ పేపర్లు వినేవాళ్ళు గడియారం చూస్తారు. వీళ్ళు మాత్రం తర్వాతి అధ్యాయం ఎప్పుడని స్నానాల గది బయట నిలబడి అడుగుతారు.

అయిదో పుస్తకం ఇప్పుడు గదుల్లో తిరుగుతోంది. పెట్టె సర్దుకున్న అమ్మాయి నాలుగోది చదవడం పూర్తికాలేదని తనతోనే పట్టుకుపోయింది. పెళ్ళి శుభలేఖ వెనక "పుస్తకం పంపను, మిగతాది రాసి పంపు" అని రాసింది. ఆ బిడ్డ ఎవరన్నది నేను తేల్చేశాను గాని ఇక్కడ చెప్పను. పేరు మాత్రం ఇంకా కుదరలేదు. క్లార్క్‌కు తన క్రిప్టాన్ తండ్రి పేరు పెట్టాలని వుంది, లోయిస్ అచ్చులో బాగుండే పేరు కావాలంటోంది, మార్తాకు ఏ పేరైనా ఫరవాలేదు, ముందు పిల్లకు స్వెట్టర్ అల్లాలి. దసరా సెలవులకు ముందే ఈ అధ్యాయం అయిపోవాలి. ఎవరికైనా మంచి పేరు తోస్తే మా హాస్టల్ గేటు దగ్గర చీటీ ఇచ్చిపోండి.